టెర్రస్ తాళం, తొక్కుడు బిళ్ళ: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి బహిరంగ లేఖ

ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, కమిటీ సభ్యులకి, ఓనర్లకి, అద్దెకుంటున్న కుటుంబాలకి నమస్కారం.

304 నుంచి రాస్తున్నాను. ఈ కాగితం లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డుకి అంటిస్తున్నాను కాబట్టి పాలబ్బాయి, కొరియర్ వాళ్ళు, పనమ్మాయిలు కూడా చదువుతారు. చదవనివ్వండి. టెర్రస్ తాళం తియ్యమని, గేటు దగ్గర దారిలో పిల్లల్ని ఆడుకోనివ్వమని రెండుసార్లు రాసి సెక్రటరీ గారి చేతికిచ్చాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి వాట్సాప్ గ్రూపులో రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. ఇది మన బిల్డింగ్ ఒక్కదాని గొడవే అయితే అక్కడితో వదిలేసేదాన్నేమో. కానీ పటమటలో మా చెల్లెలు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే వరస. హైదరాబాద్‌లో మా అబ్బాయి ఉండే గేటెడ్ కమ్యూనిటీలోనూ ఇదే, కాకపోతే అక్కడి బోర్డు మంచి ఇంగ్లీషులో ఉంటుంది.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం 102 వాళ్ళ పాప గేటు దగ్గర సిమెంటు దారి మీద సుద్దముక్కతో ఎనిమిది గడులు గీసింది. బిళ్ళకి విరిగిన టైలు ముక్క. నేను కూరగాయల సంచి పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఒంటి కాలి మీద నిలబడి, ఒక చెయ్యి పక్కకి చాపి, నాలుక పెదవి మూలకి తెచ్చి, ముందుకి వంగి బిళ్ళ తీస్తోంది. పైకెత్తిన కాలు వణుకుతోంది. నేల మీదున్న కాలి వేళ్ళు సిమెంటుని పట్టుకుంటున్నాయి. పడలేదు. లేచి నన్ను చూసి, "టీచరమ్మమ్మా, గీత తొక్కలేదుగా?" అని సాక్ష్యం అడిగింది. తొక్కలేదమ్మా అన్నాను. మర్నాటి పొద్దుటికి ఆ గడులు లేవు, సర్ఫు వేసి కడిగించారు. మధ్యాహ్నానికి గోడ మీద బోర్డు వచ్చింది: "సెల్లార్‌లోను, డ్రైవ్‌వేలోను ఆటలు నిషేధం. అతిక్రమించినచో రూ.500 జరిమానా."

అదే వారం 201 మాస్టారిని పలకరించడానికి వెళ్ళాను. వేసవిలో ఆయన రాత్రి బాత్‌రూమ్‌కి లేచి పడిపోవడం, తుంటి ఎముక విరగడం, ఆపరేషన్ అవడం మీకందరికీ తెలుసు. నేను వెళ్ళేసరికి ఫిజియోథెరపీ అబ్బాయి ఉన్నాడు. డైనింగ్ కుర్చీ వీపు పట్టుకోమని, ఒక కాలు ఎత్తమని, మెల్లిగా చెయ్యి వదలమని చెబుతున్నాడు. మాస్టారు లెక్కలు చెప్పినాయన కదా, సెకండ్లు తనే లెక్కపెట్టుకుంటున్నారు. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర కాలు కిందపడింది. మళ్ళీ ఎత్తారు. ఈసారి నాలుగు. సిట్టింగుకి ఆరు వందలట.

నాకు కింద పాప గుర్తొచ్చింది. ఏడేళ్ళ పిల్ల ఫ్రీగా నేర్చుకుంటున్న విద్యని మనం చీపురుతో కడిగించాం. అదే విద్య డెబ్బై నాలుగేళ్ళ మనిషికి సిట్టింగుకి ఆరు వందలు పోసి నేర్పిస్తున్నాం. ఈ ఉత్తరం అందుకు.

నేను ముప్ఫై మూడేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రిల్లు టీచర్ని. పరీక్షలు దగ్గరపడితే మా పీరియడే ముందు ఎగిరిపోయేది. "మేడం, సిలబస్ అవలేదు, ఈ వారం పిల్లల్ని నాకు వదిలెయ్యండి" అని లెక్కల మాస్టార్లే ఎక్కువ అడిగేవారు. 201 మాస్టారు వేరే ఊళ్ళో చేసినా ఆ సంగతి ఒప్పుకుంటారు. ఆ రోజు కుర్చీ పట్టుకుని నవ్వుతూ, "మీవాళ్ళ పీరియడ్లు చాలా తిన్నానమ్మా, ఇప్పుడు కక్కుతున్నాను" అన్నారు. నేను నవ్వలేకపోయాను.

ముందు పిల్లల సంగతి. మన ఇరవై ఐదు ఫ్లాట్లలో పదిహేనేళ్ళ లోపు వాళ్ళు పందొమ్మిది మంది. నేను లెక్కపెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం అయిదు నుంచి పదిహేడేళ్ళ వాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదలాలి. ఆయాసం వచ్చేలా, చెమట పట్టేలా. మన పిల్లలు ఏడున్నరకి స్కూలు బస్సెక్కి నాలుగున్నరకి దిగుతారు, ఆరుకి ట్యూషన్. మధ్యలో ఉన్నదే ఆ గంటన్నర. ఆ గంటన్నర మీద మనం బోర్డు పెట్టాం. "ఫోన్ వదలడు, ఏం చెయ్యాలో తెలియట్లేదండీ" అని నాతో లిఫ్ట్‌లో వాపోయిన తల్లులు నలుగురున్నారు. వదిలి ఎక్కడికి వెళ్ళాలి, పాపం?

ఎముక గట్టిపడేది చిన్నతనంలోనే. గెంతినప్పుడు, పరిగెత్తినప్పుడు నేల నుంచి వచ్చే అదురుకి ఎముక స్పందించి చిక్కబడుతుంది. పాతికేళ్ళు దాటి ముప్ఫైకి వచ్చేసరికి ఆ ఖాతాలో పడాల్సింది దాదాపు పడిపోతుంది, తర్వాత జీవితమంతా తీసుకుని ఖర్చుపెట్టుకోవడమే. ముఖ్యంగా ఆడపిల్లలకి. యాభై దాటాక నెలసరి ఆగి ఎముక డొల్లబారే రోజున ఆ ఖాతాలో ఎంతుందన్నదే లెక్క. కాల్షియం బిళ్ళలు ఎన్ని మింగినా ఏడో ఏట తొక్కిన బిళ్ళకి సాటి రావు. ఇది మాత్రం నా సొంత మాట, డాక్టర్లు కోప్పడితే పడతాను.

కళ్ళ సంగతి ఇంకా విచిత్రం. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకి రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్ళు చూశారు. 2015లో ఫలితం వచ్చింది. మామూలు బడుల్లో దాదాపు 40 శాతం మందికి దూరపు చూపు తగ్గితే, బయట తిరిగిన పిల్లల్లో అది 30 శాతమే. మందు లేదు, చుక్కలు లేవు, వట్టి పగటి వెలుగు. మన పందొమ్మిది మందిలో కళ్ళజోడు ఉన్నవాళ్ళు తొమ్మిది మంది. సెల్లార్‌లో ట్యూబ్‌లైటు కింద ఆడుకోనిచ్చినా ఈ లాభం రాదు. అందుకే నేను అడుగుతున్నది ముఖ్యంగా గేటు దగ్గర దారి, పైన టెర్రస్.

ఇక మీ వయసు వాళ్ళు, అంటే ముప్ఫై అయిదు నుంచి యాభై అయిదు. కమిటీ మొత్తం ఇందులోనే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

2023లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళు వేసిన పెద్ద సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు, షుగర్ అంచున ఉన్నవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. మన బిల్డింగ్‌లో ఎవరెవరో నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతికి అరిసెల ప్లేటు తిప్పినప్పుడు ఎవరి చెయ్యి ఆగిందో అందరం చూశాం. 2000లో మన దేశంలో పెద్దవాళ్ళలో కదలిక చాలనివాళ్ళు 22 శాతం ఉంటే, 2022కి దాదాపు సగం మంది అయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇరవై రెండేళ్ళలో రెట్టింపు దాటింది. అదే కాలంలో మనం పెంకుటిళ్ళు, డాబా ఇళ్ళు అమ్ముకుని లిఫ్ట్ ఉన్న ఇళ్ళలోకి వచ్చాం. రెండింటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే వింటాను, నమ్మను.

కండ ఏం చేస్తుందో నాకు ఒక డాక్టరమ్మ చెప్పిన పద్ధతిలో చెబుతాను. తిన్నాక రక్తంలోకి వచ్చిన చక్కెర కండలోకి వెళ్ళాలంటే మామూలుగా ఇన్సులిన్ తలుపు తియ్యాలి. షుగర్ మొదలైనవాళ్ళకి ఆ తలుపు బిగుసుకుపోతుంది. కానీ కండ పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో పనిలేకుండా అది తనంతట తనే వేరే దారి తెరిచి చక్కెరని లోపలికి లాక్కుంటుంది. ఒంట్లో పెద్ద కండలు తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. అంటే కుర్చీలో మనం నొక్కిపెట్టి కూర్చునేవే. భోజనం చేశాక నూరడుగులు వెయ్యమని మా నాయనమ్మ అనేది, ఆవిడకి ఇవేవీ తెలియవు. అన్నం తిన్న పది పదిహేను నిమిషాల్లో లేచి నడిస్తే, అదే నడక పరగడుపున నడిచినదానికంటే తిన్న తర్వాతి షుగర్‌ని బాగా దింపుతుందని ఇప్పుడు పరిశోధనలూ అంటున్నాయి. మన ఇళ్ళల్లో భోజనం రాత్రి తొమ్మిదికి. తొమ్మిదిన్నరకి ఎక్కడ నడవాలి? టెర్రస్ తాళం ఎనిమిదికే పడుతుంది. బయట రోడ్డు మీద ఫుట్‌పాత్ లేదు, ఉన్న నాలుగడుగుల్లో పునుగుల బండి, దాని పక్కన విరిగిన డ్రైనేజీ పలక, దాని చుట్టూ కుక్కలు.

అమెరికాలో షుగర్ అంచున ఉన్న మూడు వేల మంది మీద చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. వారానికి 150 నిమిషాల నడక, తిండి సర్దుబాటు, కాస్త బరువు తగ్గడం, అంతే. షుగర్ ముదరడం 58 శాతం తగ్గింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ బిళ్ళ వేసుకున్నవాళ్ళలో తగ్గింది 31 శాతమే. "అదంతా అమెరికాలో అండీ, మన ఒంటికి పడదు" అంటారని తెలుసు. చెన్నైలో మనవాళ్ళ మీద చేసినది 2006లో వచ్చింది. అంత రాలేదు, కానీ నడక, తిండి మార్పు చేసినవాళ్ళలో 28 శాతానికి పైగా తగ్గింది. బిళ్ళతో వచ్చినదీ ఇంచుమించు అంతే. బిళ్ళకి నెలనెలా డబ్బు పొయ్యాలి, నడకకి తాళం తీస్తే చాలు.

పది వేల అడుగుల గురించి ఒక్క మాట, వాచీ చూసుకుంటూ హాల్లో అటూఇటూ తిరిగేవాళ్ళ కోసం. ఆ అంకె ఏ డాక్టరూ చెప్పింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్ముతూ దానికి పెట్టిన పేరది. పెద్ద వయసు ఆడవాళ్ళ మీద 2019లో వచ్చిన పరిశోధనలో 4,400 అడుగుల దగ్గరే లాభం కనిపించింది, 7,500 దాటాక పెద్దగా పెరగలేదు. కాబట్టి టెన్షన్ పడకండి. సున్నా మాత్రం వద్దు.

ఆడవాళ్ళ దగ్గరికి వస్తే ఇంట్లో పని సరిపోదా అనే మాట వస్తుంది. ఈ మాట మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ నోటే ఎక్కువ విన్నాను. ఇంటిపని కూడా కదలికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంటుంది, దాన్ని తీసిపారేయను. రోలు, తిరగలి, బావి గిలక ఉన్నప్పుడు ఆ పనికి ఆయాసం వచ్చేది. ఇప్పుడు మిక్సీ, వాషింగ్ మెషిన్, నిలబడి తోసే మాప్ కర్ర. మిగిలింది కాళ్ళు పీకేలా నిలబడటం, విసుగు. నడుం నొప్పి వస్తుంది గానీ గుండెకి పని పడదు. మన దేశంలో కదలిక చాలని మగవాళ్ళు 42 శాతమైతే ఆడవాళ్ళు 57 శాతం. ఇది బద్ధకం అనుకుంటే పొరపాటు. పొద్దున అయిదున్నరకి మగాయన షూ వేసుకుని మున్సిపల్ స్టేడియానికి బండి మీద వెళ్ళిపోతాడు. ఆవిడ క్యారేజీ కట్టాలి. ఆవిడకి దొరికేది ఇరవై నిమిషాలు, అది కూడా ముక్కలుగా. ఇరవై నిమిషాల కోసం చీర మార్చుకుని, రోడ్డు దాటి ఎవరూ వెళ్ళరు. ఒక్క అంతస్తు ఎక్కితే ఆకాశం కనపడాలి.

నడకొక్కటే చాలదు, వారానికి రెండు రోజులు కండకి బరువు పడాలి. ఇది చెప్పగానే మన ఆడవాళ్ళు నవ్వుతారు. నవ్వేముందు ఒకసారి శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట గుర్తు చేసుకోండి. ఆ ఊరి అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ మన తెలుగమ్మాయి, అదీ బరువులెత్తి. మనకి 240 అక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ళ సీసా చేతికొకటి చాలు, లేదా గోడకి చేతులానించి వంగి లేవడం. ముప్ఫై దాటిన దగ్గర్నుంచి వాడని కండ పదేళ్ళకోసారి కొంత కొంతగా కరిగిపోతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. బరువు మిషను మీద అంకె మారదు కాబట్టి తెలియదు, కండ పోయిన చోట కొవ్వు కూర్చుంటుంది.

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందండీ, నడిస్తే ఉన్నది కూడా అరుగుతుంది." మా మూడో అంతస్తులో ముగ్గురి మాట ఇది. ఆ గుజ్జుకి నేరుగా రక్తం అందదు. కాలు మీద బరువు పడి వదిలినప్పుడు, స్పాంజి నొక్కి వదిలినట్టు, చుట్టూ ఉన్న ద్రవంలోంచి తనకి కావలసింది పీల్చుకుంటుంది. కదలకపోతే దానికి తిండే లేదు. అందుకే మోకాలి అరుగుదలకి ఇప్పుడు ముందుగా చెప్పే వైద్యం తొడ కండ గట్టిపడే వ్యాయామం, బరువు తగ్గడం. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి అయిదు లెక్కపెట్టి దించండి. మొదటి వారం నొప్పి ఉంటుంది. వాపు వస్తే, నొప్పి మర్నాటికీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్ళు తిరిగినా అంతే, నా ఉత్తరం పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని చూడండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్ళలో, కాస్త పంచదార పొట్లమో పెట్టుకుని నడవండి.

మెట్ల గురించి రాయకపోతే ఈ ఉత్తరం రాసి దండగ. 1953లో లండన్‌లో జెరీ మోరిస్ అనే డాక్టరు సిటీ బస్సుల్లో పనిచేసేవాళ్ళ గుండెజబ్బుల లెక్క తీశాడు. ఒకే బస్సు, ఒకే జీతాల వర్గం, ఒకే పొగ. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కొడతాడు. కండక్టర్లకి గుండెజబ్బు తక్కువ వచ్చింది, వచ్చినా డ్రైవర్ల కంటే తక్కువ మంది పోయారు. కదలికకీ గుండెకీ ఉన్న లంకెని లెక్కలతో చూపించిన తొలి పెద్ద పరిశోధనల్లో అదొకటి. దానికి జిమ్ము లేదు, షూ లేవు, ఉన్నవి మెట్లే.

మనవీ మెట్లే. మొక్కుకుంటే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాం. ఇంద్రకీలాద్రి మీద ప్రతి మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడుతూ మెట్ల పూజ చేస్తాం. ఇంటికొచ్చి రెండో అంతస్తుకి లిఫ్ట్ కోసం మూడు నిమిషాలు నిలబడతాం. నేనూ నిలబడ్డాను, అబద్ధం ఎందుకు. ఎందుకంటే మన మెట్ల దారిలో మొదటి మలుపు దగ్గర పాత సైకిల్, రెండో దగ్గర చెప్పుల స్టాండు, దానిమీద మనీప్లాంటు, మూడో దగ్గర ఎవరిదో చెప్పను గానీ ఖాళీ సిలిండర్లు. నాలుగో అంతస్తు లైటు సంక్రాంతి నుంచి వెలగట్లేదు. అగ్నిప్రమాదం జరిగితే పరిగెత్తాల్సిన దారి కూడా అదేనని మళ్ళీ చెప్పాలా?

ఇక మా వయసు. బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళ వాళ్ళు పదిహేడు వందల మందిని ఒంటి కాలి మీద పది సెకండ్లు నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. ఏడేళ్ళ పాటు గమనిస్తే, నిలబడలేనివాళ్ళలో చనిపోయే ముప్పు మిగతావాళ్ళ కంటే 84 శాతం ఎక్కువగా తేలింది. 2022లో వచ్చింది ఇది. చదివి భయపడి నేనూ గోడ పక్కన నిలబడి చూసుకున్నాను. కుడికాలు పదహారు, ఎడంకాలు తొమ్మిది. డ్రిల్లు టీచర్ పరువు పోయింది. అప్పట్నుంచి పళ్ళు తోముకునేటప్పుడు ఎడంకాలి మీద నిలబడుతున్నాను, ఇప్పుడు పద్నాలుగు. ఒక చెయ్యి సింక్ మీద ఉండాలి సుమండీ, తడి బాత్‌రూమ్‌లో విన్యాసాలు వద్దు.

అరవై అయిదు దాటినవాళ్ళు వారానికి కనీసం మూడు రోజులు ఇలా తూకం నిలబెట్టుకునే పనులు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పడిపోకుండా ఉండటానికి. ఈ వయసులో ఇంకేం లాభం అనుకునేవాళ్ళకి 1990 నాటి ముచ్చటొకటి. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వాళ్ళు పదిమంది. వాళ్ళ చేత ఎనిమిది వారాలు తొడలకి బరువులు ఎత్తించారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. 201 మాస్టారికి ఇది చెబితే, "అయితే నాకింకా పన్నెండేళ్ళు టైముంది" అన్నారు. మాస్టారు లిఫ్ట్‌లో అయిదో అంతస్తు దాకా రాగలరు, పైన ఇంకో పద్దెనిమిది మెట్లు. కమ్మీ పట్టుకుని మెల్లిగా ఎక్కుతానంటున్నారు. కానీ ఎక్కాక తలుపుకి తాళం ఉంటే దిగడం ఎక్కడం కంటే కష్టం, ఆ వయసులో.

యోగా దినోత్సవం నాడు మనం ఏం చేశామో కూడా రాయాలి. 2025 జూన్ 21న వైజాగ్ బీచ్ రోడ్డులో లక్షల మంది యోగా చేస్తుంటే మన టెర్రస్ మీద మనమూ చేశాం. బ్యానరు, టీషర్టులు, ఇరవై రెండు చాపలు, ఫొటో. ఎనిమిదింపావుకి ఇడ్లీ. తొమ్మిదికి తాళం. ఆ చాపలు ఇప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ జిమ్ము గదిలో, పెయింటు డబ్బాలకీ పాత ట్రెడ్‌మిల్లుకీ మధ్య ఉన్నాయి. ట్రెడ్‌మిల్లు మీద పోయినసారి ఎన్నికల ఫ్లెక్సీ కప్పి ఉంది. తప్పుపట్టడానికి అనడంలేదు, ఆ రోజు అందరం సరదాగానే ఉన్నాం. ఏడాదిలో మిగతా 364 రోజులకి కూడా ఆ డాబా మనదే. సేల్ డీడ్‌లో కామన్ ఏరియా అని రాసుంది.

మీ బాధలూ నాకు తెలుసు. బంతి తగిలి 403 వారి కారు వైపర్ విరిగింది నిజం. డాబా మీద బీరు సీసాలు దొరికింది నిజం. అయిదో అంతస్తు వాళ్ళకి తల మీద దబదబలాడితే నిద్ర పట్టదు, వాళ్ళింట్లో పసిబిడ్డ ఉంది. సెల్లార్‌లో రివర్సు తీసేటప్పుడు పిల్లలు అడ్డం వస్తే ఎంత భయమో నాకూ తెలుసు, నేను స్కూటీ నడుపుతాను. అందుకే సెల్లార్ అడగటం లేదు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా గేటు నుంచి ర్యాంపు దాకా దారి పిల్లలకి వదలండి. ఆ గంటన్నర బండ్లు రెండో గేటు నుంచి రావచ్చు, అది ఉన్నదే ఎమర్జెన్సీకని మూసి పెట్టాం, ఇంతకంటే ఎమర్జెన్సీ ఏముంది? క్రికెట్టు వద్దు, నేనే చెబుతాను వాళ్ళకి. తొక్కుడు బిళ్ళ, ఏడు పెంకులు, తాడాట, ఖోఖో నేర్పడానికి నేనున్నాను, జీతం అడగను. టెర్రస్ పొద్దున అయిదు నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదు నుంచి పది. పైన గెంతులు, బంతులు వద్దు, నడక, కూర్చుని లేవడం, కబుర్లు. విజయవాడ మే నెలలో పొద్దున ఏడు దాటితే అక్కడ కాకి కూడా ఉండదు కాబట్టి అయిదు అంటే అయిదుకే తియ్యాలి. మెట్ల మీది సామాన్లకి వారం గడువు పెట్టండి, జరిమానా అంటే అంత ఇష్టమైతే ఆ అయిదు వందలు వాటికి వెయ్యండి.

ఒక మాట వాచ్‌మన్ భార్య గురించి. రోజూ అయిదు అంతస్తులు తుడుస్తుంది, నాలుగిళ్ళల్లో గిన్నెలు తోముతుంది. ఆవిణ్ణి ఎవరూ వాకింగ్ చెయ్యమనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పికి నా దగ్గర పూత మందు అడిగి తీసుకుంటుంది. చాకిరీ వేరు, వ్యాయామం వేరు. వ్యాయామంలో ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉంటుంది. తాళాలు తీసి వేసే పని కూడా ఆవిడ నెత్తిన పెట్టకండి. పొద్దున తియ్యడం నేను చూసుకుంటాను, అయిదుకి ఎలాగూ లేస్తాను. రాత్రి వెయ్యడం 401 బాబు ఒప్పుకున్నాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ కుర్రాడు, పదింటికి కాస్త గాలి పీల్చుకుంటానన్నాడు.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఎజెండాలో లిఫ్ట్ ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు), సీసీ కెమెరాలు, పెయింటింగ్ కొటేషన్లు ఉన్నాయి. నాలుగో అంశంగా ఇది చేర్చమని అడుగుతున్నాను. మీటింగ్ సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల్లో కాకుండా టెర్రస్ మీద పెడితే ఇంకా మంచిది. మాస్టారు వస్తానన్నారు, కుడివైపు కమ్మీ ఉంది కాబట్టి ఎడంవైపు చెయ్యి పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్ళు చాలు.

డూప్లికేట్ తాళంచెవికి మన సందు మొదట్లో తాళాలు బాగుచేసే అతన్ని అడిగాను. నూట ఇరవై అన్నాడు, వంద చేస్తానన్నాడు. ఆ వంద నేనిస్తాను. అసలు తాళంచెవి ఒక్క పూట ఇస్తే చాలు.

ఇట్లు,
ఫ్లాట్ 304,
రిటైర్డ్ డ్రిల్లు టీచర్